గంటకు పన్నెండు నిమిషాలు ముందుకు పోయిన కంప్యూటరు

ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి మూడు వేళ్ళు ఆనించి చూడండి. నాడి తగులుతుంది. గడియారం దగ్గర పెట్టుకుని ఒక నిమిషంపాటు లెక్కపెట్టండి. 72 వచ్చిందనుకుందాం. బాగుంది. మీ ఆరోగ్యానికేం ఢోకా లేదు.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. మీ గడియారం పరుగెత్తే రకం. గంటకు పన్నెండు నిమిషాలు ముందుకు పోతుంది. దాన్ని చూస్తూ నాడి లెక్కపెడితే ఎంత వస్తుంది? ఆ గడియారంలో నిమిషం గడిచేసరికి నిజంగా గడిచేది 50 సెకన్లే. ఆ 50 సెకన్లలో నాడి కొట్టుకునేది 60 సార్లు. "నా నాడి 60" అని మీరు రాసుకుంటారు. నాడి మారలేదు, గుండె మారలేదు. కొలిచే గడియారం తప్పు కాబట్టి లెక్క తప్పింది.

ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి. సొంతంగా కంప్యూటరు తయారుచేసుకున్న ఒక కుర్రవాణ్ణి, వాడికి సలహా ఇచ్చిన నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది ఇదే.

కంప్యూటరుకూ నాడి ఉంది

కంప్యూటరులో లెక్కలన్నీ చేసే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. అందులో కోట్లాది సన్నని స్విచ్చులుంటాయి. అవన్నీ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు పనిచేస్తే గందరగోళమే. బడిలో గంట కొట్టగానే అన్ని తరగతులూ ఒక్కసారి మారుతాయి చూడండి, అలాగే ప్రాసెసర్‌లోనూ ఒక గంట ఉంటుంది. అది ఒక విద్యుత్ స్పందన. స్పందన వచ్చినప్పుడల్లా పని ఒక అడుగు ముందుకు పడుతుంది. సెకనుకు ఎన్ని స్పందనలో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటాం. సెకనుకు ఒక్క స్పందన అయితే 1 హెర్ట్‌జ్. పది లక్షలయితే 1 మెగాహెర్ట్‌జ్. వంద కోట్లయితే 1 గిగాహెర్ట్‌జ్.

1984లో ఆపిల్ సంస్థ తెచ్చిన మొదటి మెకింటాష్ కంప్యూటరు గుండె సెకనుకు సుమారు 78 లక్షల సార్లు కొట్టుకునేది. 2008 నవంబరులో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన కోర్ ఐ7 920 అనే ప్రాసెసర్ గుండె సెకనుకు 266 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఇది ఎంత వేగమో ఊహించడం కష్టం. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గదా! ఆ ప్రాసెసర్‌లో ఒక స్పందనకూ మరో స్పందనకూ మధ్య అంతటి కాంతి కూడా 11 సెంటీమీటర్లే పోగలదు. అంటే మీ జానెడు కూడా దాటలేదు.

స్ఫటికం నెమ్మది, ప్రాసెసర్ వేగం

ఇంత వేగంగా గంట కొట్టేది ఎవరు? మూలం ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. క్వార్ట్జ్‌కు విద్యుత్తు ఇస్తే సన్నగా కంపిస్తుంది. ముక్కను ఏ కొలతలో కోస్తే ఆ కొలతకు తగిన వేగంతోనే కంపిస్తుంది. చేతి గడియారంలో ఉండే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే సరిగ్గా 1 మిగులుతుంది. అదే మన సెకను!

కంప్యూటరు బోర్డు మీద ఇంకో స్ఫటికం చాలాకాలం రాజ్యమేలింది. దాని వేగం సెకనుకు సుమారు 1 కోటి 43 లక్షల 18 వేలు. ఈ వింత సంఖ్య ఎక్కడిదో తెలుసా? అమెరికా రంగుల టెలివిజన్‌లో రంగును మోసుకొచ్చే సంకేతపు పౌనఃపున్యానికి ఇది సరిగ్గా నాలుగు రెట్లు. 1981లో ఐబీఎం సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటరులో ఈ స్ఫటికాన్నే వాడింది. దాన్ని మూడుతో భాగిస్తే ప్రాసెసర్ వేగం, పన్నెండుతో భాగిస్తే కాలం కొలిచే చిన్న గడియారపు వేగం. రెండో సంఖ్య సుమారు 11 లక్షల 93 వేలు. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

స్ఫటికం నుంచి 266 కోట్లకు ఒక్క గెంతులో పోరు. ముందు బోర్డులోని భాగాలన్నింటికీ సరిపడే మూలవేగం ఒకటి తయారుచేస్తారు. కోర్ ఐ7 920కి అది 133.33 మెగాహెర్ట్‌జ్. ప్రాసెసర్ ఆ స్పందనను తీసుకుని తన లోపల 20తో హెచ్చించుకుంటుంది.

133.33 × 20 = 2,666 మెగాహెర్ట్‌జ్

సైకిలు చూడండి. తొక్కే దగ్గరి పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనక చక్రం దగ్గర 16 పళ్ళు ఉంటే, పెడలు ఒకసారి తిరిగితే వెనక చక్రం మూడుసార్లు తిరుగుతుంది. పెడలు మూలవేగం, 3 గుణకం, చక్రం ప్రాసెసర్. ఇంత చుట్టుతిరుగుడు ఎందుకంటారా? బోర్డు మీది తీగలు పొడుగు. వాటిలో అంత వేగం నిలవదు. ప్రాసెసర్ గోరంత జాగాలో ఉంటుంది కాబట్టి లోపల వేగం పెంచుకోవచ్చు.

బోర్డు మీద ప్రాసెసర్‌నూ తక్కిన భాగాలనూ కలిపే తీగల బాటను బస్ అంటారు. మనం ఎక్కే బస్సుకూ దీనికీ పేరు ఒకచోటినుంచే వచ్చింది. లాటిన్ భాషలో ఓమ్నిబస్ అంటే అందరి కోసం అని అర్థం. అందుకే మూలవేగాన్ని బస్ వేగమనీ, గుణకాన్ని బస్ నిష్పత్తి అనీ పిలవడం అలవాటయింది.

ఇంట్లో తయారయిన మెకింటాష్

ఆపిల్ కంప్యూటర్లలో 1994 నుంచి పవర్‌పీసీ అనే ప్రాసెసర్లుండేవి. 2006లో ఆపిల్ ఇంటెల్ ప్రాసెసర్లకు మారింది. దాంతో ఒక తమాషా జరిగింది. ఆపిల్ పెట్టెలోనూ, అంగట్లో దొరికే మామూలు కంప్యూటరులోనూ చాలావరకు ఒకే రకం భాగాలు! "అయితే విడిభాగాలు కొని మనమే మెకింటాష్ లాంటిది చేసుకోవచ్చు గదా" అని ప్రపంచమంతటా కుర్రకారు బయలుదేరారు. అలాంటి యంత్రానికి హాకింటాష్ అని ముద్దుపేరు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆపిల్ తన సాఫ్ట్‌వేరును ఆపిల్ కంప్యూటర్లలోనే వాడాలని షరతు పెట్టింది. అమెరికాలో సైస్టార్ అనే సంస్థ ఇలాంటి యంత్రాలు తయారుచేసి అమ్మితే ఆపిల్ 2008లో దావా వేసింది. 2009లో కోర్టు ఆపిల్ పక్షాన తీర్పు చెప్పింది. కాబట్టి ఇది మీరు చేసి తీరాలని నేను చెప్పడం లేదు. అందులో ఉన్న శాస్త్రం చూడండి, చాలు.

మా పూర్వ విద్యార్థి ఒకడు 2009లో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఐఫోన్‌కు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని వాడి కోరిక. ఆ పని ఆపిల్ కంప్యూటరు మీదనే చేయాలి. దాని ఖరీదు వాళ్ళ నాన్న శక్తికి మించినది. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కోర్ ఐ7 920 ప్రాసెసర్, బోర్డు, మెమరీ కొని సెలవుల్లో ఇంటి దగ్గర బిగించుకున్నాడు. ఆపిల్ వారి లెపర్డ్ డిస్కు పెట్టాడు. తెర మీద ఆపిల్ గుర్తు వచ్చింది. అంతే, అక్కడే ఆగిపోయింది. నాలుగుసార్లు ప్రయత్నించి నా దగ్గరకు వచ్చాడు.

"మాస్టారూ, ప్రాసెసరే పోయిందంటారా?" అన్నాడు. మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"తొందరపడకురా. పోయిన ప్రాసెసరయితే ఆపిల్ గుర్తు దాకా ఎలా వచ్చింది?" అన్నాను.

ఖాళీ అర

కంప్యూటరు మీట నొక్కగానే ముందు బోర్డులోని చిన్న ప్రోగ్రాము లేస్తుంది. అది బూట్ లోడర్‌ను లేపుతుంది. బూట్ లోడర్ అసలు వ్యవస్థను లేపుతుంది. ఈ మేలుకొలుపునే బూట్ అవడం అంటారు. అసలు వ్యవస్థ కళ్ళు తెరవగానే అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ఇది: "నా నాడి వేగం ఎంత?"

ఎందుకు అడగాలి? డిస్కును కదిపి సెకనులో నూరోవంతు ఆగాలి. కీబోర్డును పలకరించి కాసేపు ఆగాలి. యంత్రం చేతికి గడియారం లేదు, స్పందనలు లెక్కపెట్టుకోవడమే తెలుసు. సెకనుకు ఎన్ని స్పందనలో తెలియకపోతే ఎంతసేపు ఆగాలో తెలియదు. స్పందనల సంఖ్యను నాడివేగంతో భాగిస్తేనే గదా సెకన్లు వచ్చేది!

నిజమైన ఆపిల్ యంత్రంలో మూలవేగం ఎంతో బోర్డే చెబుతుంది. గుణకాన్ని ప్రాసెసర్‌లోని ఒక ప్రత్యేక స్థానంలో చదువుకోవాలి. రెండూ హెచ్చిస్తే నాడి వేగం. ఇక్కడే మావాడి యంత్రం దెబ్బతిన్నది. లెపర్డ్ వచ్చింది 2007 అక్టోబరులో. కోర్ ఐ7 వచ్చింది 2008 నవంబరులో. ఆ జాతి ప్రాసెసర్‌తో ఆపిల్ తన కంప్యూటరు తెచ్చింది 2009 మార్చిలో. కొత్త ప్రాసెసర్‌లో గుణకాన్ని రాసే చోటు మార్చారు. పాత డిస్కుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అది పాత అరలోనే వెతికింది. అక్కడ పనికొచ్చే సంఖ్య లేదు. గుణకం సున్నా అనుకుంటే నాడి వేగమూ సున్నాయే. సున్నాతో భాగించరాదని మీ లెక్కల మాస్టారు చెప్పారు గదా, యంత్రానికీ అదే న్యాయం.

మందు చాలా చిన్నది. బూట్ లోడర్ ఆగి అడిగే చోట "బస్‌రేషియో=20" అని టైపు చేయాలి. "అరలో వెతక్కు, గుణకం 20, నా మాట విను" అని చెప్పడమన్నమాట. ఆ రోజుల్లో కోర్ ఐ7 920తో హాకింటాష్ చేసిన చాలామంది టైపు చేసిన మాట ఇదే. మావాడూ చేశాడు. ఆపిల్ గుర్తు దాటి తెర తెరుచుకుంది. వాడు ఎగిరి గంతేశాడు.

ఆశ మితిమీరింది

కథ అక్కడే ఆగితే బాగుండేది. వారం తిరక్కుండా మావాడికి ఇంకా వేగం కావాలనిపించింది. గుణకాన్ని 20 కంటే పెంచే వీలు ఆ ప్రాసెసర్‌లో మామూలుగా ఉండదు. కాని మూలవేగాన్ని పెంచవచ్చు. బోర్డు ప్రోగ్రాములోకి వెళ్ళి 133 ఉన్నచోట 160 పెట్టాడు.

160 × 20 = 3,200 మెగాహెర్ట్‌జ్

యంత్రం నిక్షేపంగా లేచింది. సాయంత్రం నాకు చూపించడానికి పిలిచాడు. నేను తెర మూల చూసి, "టైము తప్పు చూపిస్తోందేమిట్రా?" అన్నాను. నా చేతి గడియారంలో 6 గంటలు, తెర మీద 6 గంటల 24 నిమిషాలు. యంత్రం వేసింది నాలుగింటికి.

నేను పెద్ద తెలిసినవాడిలా, "బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉంటుంది, మార్చు" అన్నాను. వాడు మర్నాడు పట్నం వెళ్ళి బ్యాటరీ తెచ్చి వేశాడు. మళ్ళీ అదే తంతు. "బోర్డే చెడింది, తిరిగి ఇచ్చేస్తాను మాస్టారూ" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే నా తప్పు నాకే తెలిసింది. బ్యాటరీ నీరసిస్తే గడియారం వెనకబడాలి గాని ముందుకెందుకు పోతుంది? పైగా యంత్రం ఆపి మళ్ళీ వేసినప్పుడు మొదట టైము సరిగానే ఉంటోంది. ఆ తర్వాతే పరుగు తీస్తోంది. అంటే బ్యాటరీ గడియారం మంచిదే. మొదట ఒకసారి దాన్ని చూసి, ఆ తర్వాత వ్యవస్థ సొంతంగా స్పందనలు లెక్కపెట్టుకుంటోంది. తప్పు ఆ లెక్కలో ఉంది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. నా గడియారంలో పది నిమిషాలు పట్టాం. తెర మీద పన్నెండు నిమిషాలు గడిచాయి. పన్నెండును పదితో భాగిస్తే 1.2. ఒక కాగితం తీసుకుని 160ని 133.33తో భాగించమన్నాను. వాడు చేసి, తలెత్తి నా వైపు చూశాడు. 1.2!

ఏం జరిగిందో మీకూ తట్టే ఉంటుంది. మావాడు బోర్డులో 160 పెట్టాడు గాని, వాడి బూట్ లోడర్‌లో ముందే రాసి ఉన్న 133ని మార్చలేదు. వ్యవస్థ తన నాడి సెకనుకు 266 కోట్లే అనుకుంటోంది. నిజంగా కొట్టుకుంటున్నది 320 కోట్లు. 266 కోట్లు పూర్తికాగానే "సెకను అయింది" అంటోంది. అప్పటికి నిజంగా గడిచింది సెకనులో ఆరింట ఐదువంతులే. గంటకు పన్నెండు నిమిషాల దొంగలెక్క అక్కడిది! లోడర్‌లోని అంకెను సరిచేయగానే టైము సర్దుకుంది. బోర్డుకు ఏ జబ్బూ లేదు. నా మాట విని మావాడు పట్నం పోయి వచ్చిన బస్సు చార్జీ, బ్యాటరీ డబ్బు మాత్రం దండగ.

నాడి చూసే లోడర్లు

మనిషి చెప్పిన అంకెను నమ్మడం కంటే కొలుచుకోవడం మేలు గదా! తర్వాత వచ్చిన లోడర్లు అదే చేశాయి. స్ఫటికాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చే చిన్న గడియారం చెప్పుకున్నాం. మూలవేగం 133 ఉన్నా 160 ఉన్నా దాని నడక మారదు. లోడర్ ఆ గడియారాన్ని చూస్తూ సెకనులో నూరోవంతులు మూడు గడిచేలోగా ప్రాసెసర్ స్పందనలు ఎన్ని వచ్చాయో లెక్కపెడుతుంది. వైద్యుడు గడియారం చూస్తూ నాడి పట్టినట్టే.

8 కోట్లు వచ్చాయనుకోండి. 8 కోట్లను 0.03తో భాగిస్తే 266 కోట్ల చిల్లర. దాన్ని 20తో భాగిస్తే మూలవేగం 133. ఒకవేళ 9 కోట్ల 60 లక్షలు వస్తే? భాగించి చూడండి, సరిగ్గా 320 కోట్లు. ఇక ఎవరూ ఏ అంకే టైపు చేయనక్కరలేదు.

వేగం ఊరికే రాదు

"160 పెట్టినా నడిచింది గదా, 200 పెడితే?" అని మీలో గడుగ్గాయిలు అడుగుతారు. ప్రతి స్విచ్చూ మారడానికి కొంత వ్యవధి కావాలి. ఆ పని పూర్తికాకుండానే తరువాతి గంట మోగితే తప్పు జవాబు ముందుకు పోతుంది. యంత్రం ఆగిపోతే నయమే. ఆగకుండా తప్పు లెక్కను డిస్కు మీద రాస్తే మీరు దాచుకున్నవన్నీ పాడవుతాయి. మెమరీ కూడా ఆ మూలవేగం మీదే నడుస్తుంది కాబట్టి దానికీ ఒత్తిడే.

రెండోది వేడి. కోర్ ఐ7 920 గట్టిగా పనిచేస్తే వదిలే వేడిని 130 వాట్లుగా లెక్కవేశారు. పాతకాలపు 60 వాట్ల బల్బులు రెండు వెలిగినదానికంటే ఎక్కువ. వేగం 1.2 రెట్లయితే వేడి కూడా ఇంచుమించు 1.2 రెట్లవుతుంది. దాన్ని నిలబెట్టడానికి వోల్టేజిని పదోవంతు పెంచారనుకోండి. వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 1.1 × 1.1 × 1.2 = 1.45. దాదాపు ఒకటిన్నర రెట్లు! ఆ సంగతి లెక్కవేసి చూపించాక మావాడే మళ్ళీ 133కు వచ్చాడు.

ఇప్పుడు ఆ కాలం దాటిపోతోంది. 2020లో ఆపిల్ తన సొంత ప్రాసెసర్లకు మారడం మొదలుపెట్టింది. ఇంటెల్ కంప్యూటర్ల మీద నడిచే ఆఖరి వ్యవస్థ 2025లో వచ్చిన టాహో అని చెప్పేసింది. ఇక ముందు ఇంటి మెకింటాష్‌లు అరుదవుతాయి. కాని అది నేర్పిన పాఠం పాతబడదు. యంత్రం చూపించిన అంకె వింతగా ఉంటే వెంటనే భాగాలు మార్చకండి. దానితో సంబంధం లేని మరో గడియారంతో కొలవండి. రెంటి నిష్పత్తి తీయండి. తప్పు ఎక్కడుందో తరచు ఆ నిష్పత్తే చెబుతుంది.

మీరే చేయండి

1. ఒక ప్రాసెసర్ మూలవేగం 266.67 మెగాహెర్ట్‌జ్, గుణకం 9. దాని నాడి వేగం ఎంత?

2. ఇంకో ప్రాసెసర్ మూలవేగం 333.33, గుణకం తొమ్మిదిన్నర. వ్యవస్థ ఆ అరను గమనించక 9 అనుకుంది. గడియారం గంటకు ఎంత ముందుకు పోతుంది?

3. మీ ఇంట్లో గోడ గడియారం రోజుకు ఎంత తేడా చూపిస్తుందో వారంపాటు రేడియో సమయంతో పోల్చి పట్టిక రాయండి.

జవాబులు: 1. సుమారు 2,400 మెగాహెర్ట్‌జ్. 2. తొమ్మిదిన్నరను 9తో భాగిస్తే 1.0556. గంటకు 3 నిమిషాల 20 సెకన్లు. 3. ఇది మీ గడియారమే చెప్పాలి!